జతను విడదీయు వేళ

చోడవరము నియోజకవర్గములోని రోలుగుంట వంటి ఊళ్లయందు పేకముక్క పట్టనేర్చినవానికి పదమూడు ముక్కల రమ్మీ తెలియనిది కాదు. కాని ఆ పేకతోడనే గోవా కాసినోలలోను, అమెరికాలోని లాస్‌వేగస్‌లోను ఆడు బ్లాక్‌జాక్ మనవారికంతగా పరిచితము కాదు. రమ్మీయందు పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనుటయు, ఏది యుంచి యేది విడువవలెనను నేర్పును ప్రధానములని 1967లో సికిందరాబాదు క్లబ్బు వ్యాజ్యమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అట్టి నేర్పునకు బ్లాక్‌జాక్‌లో గీటురాయి జతముక్కల ఘట్టము.

ఆటగానికి ప్రతిపక్షి ముక్కలు పంచు డీలరు. 21 దాటక యెవని మొత్తమధికమో వాడు గెలుచును; దాటిన ఆటగాడు తత్క్షణమే ఓడును. రాజు, రాణి, జాకీలు పదేసి. ఆసు ఒకటిగనో పదునొకండుగనో చెల్లును. డీలరు ముక్కలలో నొకటి తెరచియుండును. 17 చేరువరకు అతడు ముక్క తీయక తప్పదు. తొలి రెండు ముక్కలు సమానవిలువ గలవైనచో, మరల అంతే పందెము కాసి, వానిని రెండు వేర్వేరు ఆటలుగా విడదీసికొనవచ్చును.

ఎనిమిదుల జత 16 అగును. ఇంతకంటె దుర్భరమైన మొత్తము లేదు: ముక్క తీసినచో పదమూడు రకములలో ఆరు మొదలు రాజు వరకు గల ఎనిమిది రకములును ముంచును, తీయకున్నచో డీలరునకు 17 వచ్చినను ఓటమియే. ఒకే యింట కలహించుచుండిన అన్నదమ్ములు వేరుపడి కుదుటపడినట్లు, విడివడిన ఎనిమిదులు తేరుకొనును. డీలరు పది చూపుచున్నప్పుడు, విడదీయక ముక్క తీసినవాడు నూరు రూపాయల పందెమునకు సగటున 54 రూపాయల ప్రాంతము కోల్పోగా, విడదీసినవాడు పందెము రెట్టించియు 48 ప్రాంతమే కోల్పోవును. ఇది లాభార్థమైన సాహసము కాదు, నష్టమును తగ్గించు వివేకము.

ఆసుల జతను సర్వదా విడదీయవలెను. ఒక్కొక్కటి పదునొకండై, పదమూడు రకములలో నాలుగింటితో 21 అగును. పదుల జత 20. చేతికందిన గెలుపును చెరుపుకొనుట అత్యాశ. అయిదుల జత పదియై మంచి పునాది యగుటచే దానిని విడదీయరాదు. సూక్ష్మవిచారము కోరునది తొమ్మిదుల జత: డీలరు రెండు మొదలు ఆరు వరకు, లేక ఎనిమిది, తొమ్మిది చూపినచో విడదీయవలెను, ఏడు చూపినచో, పదివిలువ ముక్కలే పేకలో మెండగుటచే అతనికి 17 వచ్చుట కవకాశమధికము గనుక, మన 18తో నిలుచుటయే యుక్తము, పదికిని, ఆసుకును నిలువవలసినదే.

ఈ నియమములను 1956లో అమెరికా సైన్యమున పనిచేయుచుండిన నలుగురు లెక్కయంత్రములతో సాధించి ప్రకటించిరి. 1962లో ఎడ్వర్డ్ థోర్ప్ అను గణితాచార్యుడు, అయిపోయిన ముక్కలను లెక్కించుచు ఆటను మలచుకొను మార్గమును గ్రంథస్థము చేసెను. విభీతకవృక్షపు ఆకులను, కాయలను చూపుమాత్రముననే గణించి చెప్పిన ఋతుపర్ణుడు నలునకు అక్షహృదయము నుపదేశించిన కథ నెరిగిన మనకు, జూదమునకును సంఖ్యాశాస్త్రమునకును గల యీ చుట్టరికము వింత కాదు.

ఎనిమిదులను విడదీసి రెండింటను ఓడినవాడు తప్పు చేసినవాడు కాడు. పదులను విడదీసి గెలిచినవాడు సరిగా ఆడినవాడును కాడు. అయినను, అయిపోయిన ముక్కలను లెక్కింపక ఈ పద్ధతినంతయు పొల్లుపోక పాటించినను, సాధారణ నియమములక్రింద నూరు రూపాయల పందెమునకు సగటున సుమారు అర్ధరూపాయి కాసినోకే చెల్లుచుండును. కావున ఈ విద్య నష్టమును సన్నగించునే గాని సంపదను సమకూర్పదు.