వాడని కార్డు, మరచిన బాకీ



మా బళ్లారిలో జీన్సు ప్యాంట్లు కుట్టే చిన్న చిన్న షెడ్లు చాలా ఉన్నాయని మీలో చాలామందికి తెలుసు. అలాంటి షెడ్డు ఒకటి నడిపే పెద్దమనిషి, నా పాత విద్యార్థి తండ్రి, ఒక సాయంత్రం కాగితాల కట్టతో మా ఇంటికి వచ్చారు. "సార్, నేను ఎవరికీ ఒక్క రూపాయి బాకీ లేను. దసరా సీజనుకు కొత్త మిషన్లు కొందామని లోను అడిగితే, నీ సిబిల్ బాగాలేదు పొమ్మన్నారు. కాగితమంతా ఇంగ్లీషులో ఉంది. ఇందులో ఏముందో కాస్త చదివి చెప్పండి" అన్నారు.

చదివాను. ఆయన దగ్గర రెండు క్రెడిట్ కార్డులున్నాయి. ఒకటి రోజూ వాడుకునేది, ఆ లెక్క శుభ్రంగా ఉంది. రెండోది నాలుగేళ్ల క్రితం ఒక ఎగ్జిబిషన్‌లో ఎవరో బలవంతపెడితే తీసుకున్నది. మొదటి ఏడాది ఫీజు లేదన్నారు. ఒక్కసారి పెట్రోలుకు వాడి, ఆ డబ్బు కట్టేసి, కార్డును బీరువాలో పడేశారు. రెండో ఏడు 500 రూపాయల వార్షిక రుసుము పడింది. దానిమీద పన్నుతో 590. ఈలోగా ఆయన ఇల్లు మారారు, ఫోను నంబరూ మారింది. బిల్లు చేరలేదు. ఆలస్యపు రుసుము, వడ్డీ, వాటిమీద పన్ను కలిసి ఆ 590 రూపాయలు వేలకు చేరాయి. రిపోర్టులో ఆ కార్డు ఎదుట నెల తర్వాత నెల 'బాకీ' అనే ఉంది.

"వాడని కార్డుకు బాకీ ఏమిటి సార్?" అని ఆయన అడిగారు. ఈనాటి నా ప్రసంగం ఆ ప్రశ్నకు జవాబే.

క్రెడిట్ కార్డు మన తెలుగువారికి మరీ కొత్తదేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ప్రవేశపెట్టింది. 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఆ రోజుల్లో కార్డు ఏ కొద్దిమంది చేతిలోనో ఉండేది. ఈనాడు ఫోనులో నాలుగు మీటలు నొక్కితే వస్తోంది. తీసుకోవడం అంత సులువయ్యాక, తీసుకున్న సంగతి మరచిపోవడం కూడా సులువైంది.

ఇక ఈ సిబిల్ అంటే ఏమిటి? 2000లో ఏర్పడిన ఒక సంస్థ పేరు అది. ఇలాంటి సంస్థలు మన దేశంలో నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005లో చేసిన చట్టం ప్రకారం ఇవి పనిచేస్తాయి. మనం ఎక్కడ ఎంత అప్పు తీసుకున్నాం, గడువుకు కట్టామా లేదా అన్నది బ్యాంకులు వీటికి తెలుపుతాయి. వాటిని బట్టి ఇవి 300 నుంచి 900 వరకు మార్కులు వేస్తాయి. మా బడిలో ప్రోగ్రెస్ కార్డు లాంటిదే ఇది. కాకపోతే పిల్లవాడి కార్డుమీద తండ్రి సంతకం చేస్తాడు కాబట్టి అందులో ఏముందో ఇంట్లో తెలుస్తుంది. ఈ కార్డును మనలో చాలామంది లోను అడిగే రోజుదాకా చూడనే చూడరు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కార్డు వాడకుండా ఊరికే ఉంచితే మార్కులు తగ్గుతాయా? వాడలేదన్న ఒక్క కారణానికి తగ్గవు. పైపెచ్చు కొంత మేలు కూడా ఉంది. ఎలాగో చిన్న లెక్కతో చెబుతాను.

ఒకరికి రెండు కార్డులున్నాయనుకోండి. ఒకదాని పరిమితి 60,000, రెండోదాని పరిమితి 40,000. మొత్తం లక్ష. ఆయన రెండో కార్డు మీదే నెలకు 20,000 వాడుతున్నారు. అంటే ఉన్న పరిమితిలో 20 శాతం. మొదటి కార్డు వాడటం లేదు కదా అని మూసేశారు. ఇప్పుడు పరిమితి 40,000 మాత్రమే. ఖర్చు అదే 20,000. కానీ వాడకం 50 శాతమైంది. ఖర్చు ఒక్క రూపాయి పెరగకపోయినా, ఈయన అప్పుమీద ఎక్కువగా ఆధారపడుతున్నాడని లెక్క తేలుతుంది. 30 శాతం లోపు ఉంటే మంచిదని ఈ విషయం తెలిసినవారు సాధారణంగా చెప్పే మాట. అలాగే ఎన్నేళ్లుగా మన లెక్క నడుస్తోంది అన్నదీ చూస్తారు. అందుచేత ఫీజు లేని పాత కార్డును తొందరపడి తీసేయనక్కరలేదు.

మరి కీడు ఎక్కడుంది? మరుపులో ఉంది. వార్షిక రుసుము పడిందని తెలియకపోవడం, ఎప్పుడో ఆ కార్డుకు ముడిపెట్టిన నెలవారీ చందా ఏదో కోత పడుతూ ఉండటం, కార్డు నంబరు మరొకరి చేతిలో పడినా మనం గమనించకపోవడం, ఇవీ ప్రమాదాలు. కార్డు బాకీమీద వడ్డీ చాలాచోట్ల నెలకు నూటికి మూడు, మూడున్నర రూపాయలు. మన ఊళ్లో వడ్డీ వ్యాపారి ఆ రేటు చెబితే మనం గుమ్మం దిగి వచ్చేస్తాం.

2022లో రిజర్వు బ్యాంకు ఈ విషయంలో కొన్ని నిబంధనలు చేసింది. అవి మనకు రక్షణ కాబట్టి శ్రద్ధగా వినండి. ఒక ఏడాదికి పైగా వాడని కార్డు ఉంటే, బ్యాంకు ఆ సంగతి మనకు తెలియజేయాలి. 30 రోజుల్లో మన జవాబు రాకపోతే ఆ ఖాతా మూసివేయాలి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. బాకీ ఏమీ లేకుండా ఉంటేనే మూస్తారు. మా మిత్రుడి కార్డు మూతపడక పోవడానికి ఆ 590 రూపాయలే అడ్డుపడ్డాయి.

మనంతట మనమే మూయమని కోరితే, బాకీ లేనప్పుడు 7 పనిదినాల్లో మూసితీరాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున మనకే చెల్లించాలి. మనం అడగకుండా కార్డు అంటగట్టడం నిషిద్ధం. వచ్చిన కార్డును 30 రోజులు దాటినా మనం వాడుకలోకి తేకపోతే, మన సమ్మతిని ఫోనుకు వచ్చే ఓటీపీ ద్వారా కోరాలి. మనం ఇవ్వకపోతే ఖర్చు లేకుండా ఆ ఖాతా మూయాలి.

అయితే మనం చేయవలసిందేమిటి? ముందుగా ఈ ఆదివారం బీరువా తెరిచి ఇంట్లో ఉన్న కార్డులన్నీ బల్లమీద పరచండి. ఏ కార్డుకు ఏటా ఎంత రుసుమో ఒక కాగితంమీద రాయండి. రుసుము లేనిది, పాతది అయితే ఉంచుకోండి. దానిమీద ఫోను రీఛార్జీయో కరెంటు బిల్లో ఏదో ఒక చిన్న ఖర్చు పెట్టి, గడువుకు ముందే పూర్తిగా కట్టండి. ఏడాదిపాటు వాడలేదన్న మాట రాదు, సకాలంలో కట్టారన్న పేరూ వస్తుంది. రుసుము ఉండి ఉపయోగం లేనిది అయితే, బాకీ తీర్చి, మూయమని రాతపూర్వకంగా కోరండి. బాకీ లేదన్న ఉత్తరం తీసుకుని భద్రపరచండి. కార్డును కత్తెరతో ముక్కలు చేయడం మాత్రమే మూయడం కాదు. ముక్కలైన కార్డుకూ రుసుము పడుతుంది. ఇల్లు కట్టడానికో, వ్యాపారానికో లోను అడగబోయే ముందు మాత్రం కార్డులు మూసే పని పెట్టుకోకండి.

ఫోను నంబరు మారిన రోజే బ్యాంకుకు తెలపండి. ఇందాక చెప్పిన నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి మన పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్న నియమం 2017 జనవరి నుంచి ఉంది. మూడు నెలలకొకటి చొప్పున తెప్పించుకుంటే ఏడాది పొడుగునా పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. తప్పు కనిపిస్తే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. కానీ అడగందే అమ్మైనా పెట్టదన్నారు. అడగాలంటే ముందు తెలిసి ఉండాలి.

మా మిత్రుడు ఆ బాకీ కట్టి, కార్డు మూయించి, ఉత్తరం తెచ్చుకున్నారు. అయినా నెలల తరబడి పడిన మచ్చ ఒక్క రోజులో పోదు కదా. ఆ దసరాకు కొత్త మిషన్లు రాలేదు. వచ్చిన ఆర్డరు సగం వదులుకోవలసి వచ్చింది. షెడ్డులో కుట్టుపనికి కొత్తగా రావలసిన ఇద్దరు ఆడవాళ్లకు ఆ ఏడు పని దొరకలేదు. మరుసటి ఏడు లోను వచ్చింది. ఇప్పుడు ప్రతి మూడు నెలలకూ ఆయన తన రిపోర్టు తెచ్చి నాచేత చదివిస్తారు. ఈమధ్య ఆయన కూతురు, నా పాత విద్యార్థిని, "ఇక మీకెందుకు శ్రమ సార్, నేను చదివి చెబుతాను" అంటోంది. నాకు అంతకంటే ఏం కావాలి?