పరావర్తన ఫలకం: డ్రోన్ మల్టీస్పెక్ట్రల్ కెమెరాల క్రమాంకనం – కంబదూరు మెట్ట భూముల దృష్ట్యా పరిశీలన

ఉపోద్ఘాతం:

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం ప్రాంతంలోని కంబదూరు మండలం వర్షాధార వేరుశనగ పండే మెట్ట సీమ. ఇక్కడి ఎర్ర నేలలకు లోతు తక్కువ. నీటిని ఎక్కువ కాలం పట్టి ఉంచుకోలేవు. జిల్లా సగటు వార్షిక వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు. మొత్తం ఎంత కురిసిందన్నదాని కన్నా రెండు వానల మధ్య ఎంత ఎడం వచ్చిందన్నదే ఇక్కడి పంటను నిర్ణయిస్తుంది. ఊడలు దిగే దశలో మూడు వారాలు వాన మొహం చాటేస్తే, దూరం నుండి పచ్చగానే కనిపించే చేనులో కాయ కట్టదు. ఆ నష్టాన్ని ఎవరు, ఏ కొలతతో గుర్తించారన్నది రైతుకు పంటతో సమానమైన విషయం.

ఇంతవరకు పంటల బీమాలో ప్రధానమైన కొలత పంట కోత ప్రయోగం. ఎంపిక చేసిన చిన్న మడిలో పంటను కోసి, తూచి, దాని ఆధారంగా దిగుబడిని లెక్కగట్టే పద్ధతి ఇది. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో 2023 ఖరీఫ్ నుండి వరి, గోధుమ పంటల విషయంలో సాంకేతిక పద్ధతులతో అంచనా వేసిన దిగుబడికి కనీసం 30 శాతం ప్రాధాన్యం ఇవ్వాలన్న ‘యస్‌టెక్’ విధానం వచ్చింది. అందులో ప్రధాన పాత్ర ఉపగ్రహాలదే అయినా, చిన్న కమతాల పరిశీలనకు డ్రోన్లు కూడా వ్యవసాయ పరిశోధనలో స్థిరపడుతున్నాయి. అందువల్ల డ్రోన్ తీసిన చిత్రం ఎప్పుడు కొలతగా మారుతుంది, ఎప్పుడు కేవలం రంగుల బొమ్మగా మిగిలిపోతుంది అన్న ప్రశ్న ఇంజనీర్లకే పరిమితమైనది కాదు. ఈ రెంటికీ మధ్య నిలిచేది అరచేతి కన్నా కొంచెం పెద్దదైన ఒక బూడిదరంగు పలక. దాని పనితీరును కంబదూరు వంటి నేలలో ఎదురయ్యే పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కెమెరా అంకె, ఆకు గుణం:

ఆకుపచ్చని ఆకు ఎరుపు కాంతిని పత్రహరితం ద్వారా గ్రహిస్తుంది. కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని మాత్రం, దాని కణ నిర్మాణం కారణంగా, పెద్ద మొత్తంలో వెనక్కి పంపుతుంది. పంట వడలినప్పుడు, పలచబడినప్పుడు ఈ రెంటి మధ్య ఎడం తగ్గుతుంది. ఈ ఎడాన్ని పట్టుకునేందుకే మల్టీస్పెక్ట్రల్ కెమెరాలో ఒక్కొక్క తరంగదైర్ఘ్యానికి విడివిడి గ్రాహకాలు ఉంటాయి. ఉదాహరణకు డీజేఐ సంస్థ 2019లో విడుదల చేసిన ఫాంటమ్ 4 మల్టీస్పెక్ట్రల్‌లో నీలం 450, ఆకుపచ్చ 560, ఎరుపు 650, ఎరుపు అంచు 730, సమీప పరారుణం 840 నానోమీటర్ల వద్ద అయిదు పట్టీలు ఉన్నాయి. ఎరుపు, సమీప పరారుణ పట్టీల నుండి లెక్కించే సుప్రసిద్ధ సూచిక ఎన్‌డీవీఐ:

ఎన్‌డీవీఐ = (సమీప పరారుణం − ఎరుపు) ÷ (సమీప పరారుణం + ఎరుపు)

ఈ సూత్రంలో పెట్టవలసినవి ఆకు గుణాన్ని తెలిపే పరావర్తన నిష్పత్తులు, అంటే పడిన వెలుగులో ఎన్నో వంతు తిరిగి వచ్చిందో చెప్పే సంఖ్యలు. కెమెరా ఇచ్చేది అది కాదు. గ్రాహకం మీద పడిన వెలుగు మొత్తానికి అది ఒక అంకె వేస్తుంది. ఆ అంకెలో ఆకు గుణంతో పాటు ఆ వేళ ఎండ తీవ్రత, కెమెరా ఎంత సేపు తెరుచుకుంది, సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచింది, కటకం అంచుల్లో ఎంత మసక ఉంది అన్నవన్నీ కలిసిపోయి ఉంటాయి. కెమెరాకు సంబంధించిన అంశాలను తయారీదారు ఇచ్చిన గుణకాలతో సవరించవచ్చు. ఎండ విషయం అలా కాదు. అది ఆ రోజు, ఆ పొలంలో, ఆ నిమిషానికి చెందినది. దానిని అక్కడే కొలవాలి.

ఫలకం చేసే పని:

అన్ని దిక్కులకూ సమానంగా వెలుగును వెదజల్లే గరుకు ఉపరితలం గల పలకను, ఏ తరంగదైర్ఘ్యం వద్ద ఎంత వంతు వెలుగును తిప్పి పంపుతుందో ప్రయోగశాలలో ముందే నిర్ధారించి ఉంచుతారు. ప్రయోగశాలల్లో వాడే స్పెక్ట్రలాన్ అనే తెల్లని పదార్థం దాదాపు 99 శాతం తిప్పి పంపుతుంది. డ్రోన్ కెమెరాలకు అంత తెలుపు పనికిరాదు. అంకె గరిష్ఠ హద్దును తాకి అక్కడే ఆగిపోతుంది. అందుకే సగం మేరకు తిప్పి పంపే బూడిదరంగు పలకలు వాడుకలోకి వచ్చాయి. డ్రోన్ ఎగరడానికి ముందూ, దిగిన వెంటనే, ఈ పలకను నేలపై సమతలంగా ఉంచి కెమెరాతో చిత్రం తీస్తారు. కెమెరా సవరణలు పూర్తయిన తరువాత మిగిలే లెక్క చాలా సరళం:

పంట పరావర్తన నిష్పత్తి = ఫలకపు నిష్పత్తి × (పంట అంకె ÷ ఫలకం అంకె)

ఇది మనకు కొత్త ఆలోచన ఏమీ కాదు. ధాన్యం కొలిచేటప్పుడు ఎన్ని శేర్లు అన్నదానికి ముందు ఎవరి శేరుతో కొలిచారన్న ప్రశ్న వచ్చేది. ఫలకం ఆ ముద్ర వేసిన శేరు వంటిది.

ఎన్‌డీవీఐ భాగహార రూపంలో ఉంది కనుక ఎండ హెచ్చుతగ్గులు పైనా కిందా కొట్టుకుపోతాయనీ, ఫలకం లేకున్నా నష్టం లేదనీ ఒక అభిప్రాయం ఉంది. రెండు పట్టీల్లోనూ వెలుగు ఒకే నిష్పత్తిలో మారితేనే ఇది నిజం. సూర్యుడు వాలినప్పుడు, పొగమంచు లేదా దుమ్ము ఉన్నప్పుడు, మబ్బు కమ్మినప్పుడు ఎండలోని రంగుల పాళ్లే మారతాయి. పైగా చాలా కెమెరాలు ఒక్కో పట్టీకి వేర్వేరుగా వెలుగును సర్దుకుంటాయి. ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. పంట అసలు నిష్పత్తులు ఎరుపులో 0.08, సమీప పరారుణంలో 0.40 అనుకుంటే ఎన్‌డీవీఐ 0.67. ఫలకం నిష్పత్తి 0.50. మొదటి రోజు ఫలకం అంకె రెండు పట్టీల్లోనూ 20,000. నాలుగు రోజుల తరువాత ఎరుపులో 20,000, సమీప పరారుణంలో 15,000. పంట ఏ మాత్రమూ మారకపోయినా రెండవ రోజు దాని అంకెలు 3,200, 12,000 అవుతాయి. ఫలకాన్ని పక్కనపెట్టి ఈ అంకెలనే సూత్రంలో వేస్తే వచ్చేది 0.58. చేనులో జరగని వాడుదలను పటం చూపుతుంది. ఇదే తేడా ఎదురు దిశలో వస్తే నిజంగా వాడిన చేను పటంలో నిగనిగలాడుతుంది. రైతుకు అపాయం ఈ రెండవదే.

నేల కనిపించే చేను:

కంబదూరు వేరుశనగ విషయంలో ఫలకం మరింత తప్పనిసరి కావడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. తడి చాలని ఏడాది సాళ్ల మధ్య మొక్క కమ్ముకోదు. పైనుండి చూస్తే ఆకుతో పాటు ఎర్ర నేల కూడా కనిపిస్తుంది. ఎన్‌డీవీఐ నేల ప్రభావానికి లోనవుతుంది కనుక, ఆ ప్రభావాన్ని తగ్గించేందుకు హ్యూట్ 1988లో సావీ అనే సూచికను ప్రతిపాదించాడు. అందులో హారానికి 0.5 అనే స్థిరాంకాన్ని కలిపి, మొత్తాన్ని 1.5తో గుణిస్తారు. పై ఉదాహరణకు సావీ విలువ 0.49. ఇక్కడ గమనించవలసింది, ఆ 0.5కు అర్థం ఉండేది పంట విలువలు సున్నా, ఒకటి మధ్య నిష్పత్తులుగా ఉన్నప్పుడే. వేలల్లో ఉన్న కెమెరా అంకెల పక్కన 0.5 ఉన్నా లేనట్టే. అప్పుడు సావీ కేవలం ఎన్‌డీవీఐకి ఒకటిన్నర రెట్లుగా మారిపోతుంది. నేల సవరణ ఏదీ జరగదు, పేరు మాత్రం సావీగానే ఉంటుంది. పలచని పంటకు తగిన సూచిక ఏదో ఎంచుకోవడం ఒక్కటే చాలదు. క్రమాంకనం చేయని అంకెలతో ఆ ఎంపికకు విలువ ఉండదు.

వేళ, మబ్బు, దుమ్ము:

విదేశీ మార్గదర్శకాలు చాలావరకు సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు డ్రోన్ ఎగరవేయమంటాయి. ఉత్తర అక్షాంశాల్లో అది సరైన సలహా. కంబదూరు దాదాపు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. ఏప్రిల్ చివర్లోనూ, ఆగస్టు మధ్యలోనూ ఇక్కడ మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నిజంగానే నడినెత్తికి వస్తాడు. ఖరీఫ్ వేరుశనగను గమనించవలసిన కాలం సరిగ్గా ఆ రెండవదే. అప్పుడు డ్రోన్ నీడ చిత్రంలోనే పడుతుంది. ఆ నీడ చుట్టూ నీడలు దాగిపోయి ఒక మెరుపు మచ్చ ఏర్పడుతుంది. నేలమీద ఫలకంపై కెమెరాను పట్టుకున్న చేతి నీడ కూడా ఫలకం మీదే పడుతుంది. మరొక సంగతి: భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానిది. కంబదూరు దాదాపు 77 డిగ్రీల వద్ద ఉండడం వల్ల ఇక్కడి అసలు మధ్యాహ్నం సగటున ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. కాబట్టి ఆగస్టులో దానికి రెండు గంటలు ముందో వెనుకో, అంటే గడియారం ప్రకారం ఉదయం పదిన్నర ప్రాంతమో, మధ్యాహ్నం రెండున్నర ప్రాంతమో మేలు. అప్పుడు సూర్యుడు నడినెత్తి నుండి దాదాపు 30 డిగ్రీలు పక్కకు ఉంటాడు.

నైరుతి కాలంలో ఈ సీమ మీదుగా గాలి ఉరవడికి తేలిపోయే తునక మబ్బులది వేరొక చిక్కు. ఫలకం చిత్రం ఎండలో తీసి, చేను చిత్రాలు మబ్బు నీడలో తీస్తే లెక్క మొత్తం తలకిందులవుతుంది. మబ్బు అంచు నుండి కూడా వెలుగు వచ్చి పడడం వల్ల ఎండ ఒక్కోసారి నిర్మలాకాశపు ఎండ కన్నా హెచ్చుగా ఉంటుంది. డ్రోన్ వీపున ఉండే కాంతి గ్రాహకం ఈ మార్పులను కొంతవరకు నమోదు చేస్తుంది. అయితే గాలికి డ్రోన్ వంగినప్పుడల్లా ఆ గ్రాహకమూ వంగుతుంది. దానిని ఫలకానికి తోడుగానే చూడాలి. ఆకాశమంతా సమంగా ఎండ ఉండాలి, లేదా సమంగా మబ్బు కమ్మి ఉండాలి. సగం సగం ఉన్న రోజున పనిని వాయిదా వేయడమే ఉత్తమం.

ఎర్ర దుమ్ము అన్నిటికన్నా నిశ్శబ్దమైన దోషం. దానిలోని ఇనుము ఆక్సైడ్లు నీలం, ఆకుపచ్చ కాంతులను బాగా మింగుతాయి, ఎరుపును కొంత తక్కువగా, సమీప పరారుణాన్ని ఇంకా తక్కువగా. దుమ్ము పట్టిన ఫలకం ఎరుపులో 0.46, సమీప పరారుణంలో 0.49కి దిగజారిందనుకుందాం. సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి తెలియదు, రెండింటినీ 0.50 అనే లెక్కిస్తుంది. ఫలితంగా 0.67 రావలసిన ఎన్‌డీవీఐ 0.65గా వస్తుంది. తేడా చిన్నదే, కానీ ప్రతి చేనులోనూ ఒకే వైపుకు వస్తుంది. ఎన్ని చేలను సగటు తీసినా పోదు. వాడని సమయంలో ఫలకాన్ని మూసి ఉంచడం, దాని ముఖాన్ని వేలితో తాకకపోవడం, కాలానుగుణంగా ప్రయోగశాలలో తిరిగి పరీక్షించడం ఇందుకే.

చుట్టుపక్కల నిలబడిన వస్తువుల విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. ఆకాశం వైపు తిరిగిన ఫలకానికి చదునైన నేల కనిపించదు. నిలబడిన మనిషి, జీపు, ఏపుగా పెరిగిన కంది సాలు కనిపిస్తాయి. తెల్లచొక్కా వేసుకున్న వ్యక్తి దగ్గరగా నిలబడినా వెలుగు పెరుగుతుంది. కంది ఆకు సమీప పరారుణాన్ని ఎక్కువగా విసురుతుంది కనుక అంతర పంట ఉన్న చేనులో ఫలకాన్ని గట్టు మీద బయలు చోట ఉంచాలి. ఖర్చు తగ్గించడానికి గుడ్డతోనో రంగు వేసిన అట్టతోనో ఫలకాలు తయారుచేసుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: కంటికి నల్లగా కనిపించే అద్దకపు బట్టలు అనేకం సమీప పరారుణంలో తెల్లగా ఉంటాయి. ఈ విషయంలో కంటి సాక్ష్యం చెల్లదు.

ఉపగ్రహాలకూ ఈ అవసరం ఉంది. వాటి ఫలకాలు ఎడారులు, ఉప్పు నేలలు. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ కచ్ రణ్‌లోని తెల్లని నేలను ఈ పనికి వాడింది. నమీబియాలోని గోబబెబ్, అమెరికాలోని రైల్‌రోడ్ వ్యాలీ అంతర్జాతీయ వ్యవస్థలో భాగాలు.

పారిభాషిక పదాల విషయం:

తెలుగు పాఠ్యపుస్తకాల్లోని ‘పరావర్తనం’ వెలుగు తిరిగి రావడమనే ప్రక్రియకు పేరు. ఎంత వంతు తిరిగి వచ్చిందన్న సంఖ్యకు కూడా అదే పదాన్ని వాడితే వాక్యం తడబడుతుంది. అందుకే ఈ వ్యాసంలో సంఖ్యకు ‘పరావర్తన నిష్పత్తి’ అని వాడడం జరిగింది. ‘క్రమాంకనం’ ఇప్పటికే వాడుకలో ఉన్న మంచి మాట. ఫలకాన్ని ‘ప్రమాణ ఫలకం’ అనడానికి కూడా అవకాశం ఉంది. తర్కశాస్త్రంలో ప్రమాణమంటే జ్ఞానానికి సాధనం, వాడుకలో కొలత, ఊళ్లో ఒట్టు. ఎన్‌డీవీఐ పటం ప్రత్యక్షం కాదు, అనుమానం. హేతువు చెడితే అనుమానమూ చెడుతుందన్నది నైయాయికులు ఎరిగిన విషయమే.

రైతు ఈ పటాన్ని ప్రశ్నించాలంటే హేతువు అతనికి కనిపించాలి. ఫలకం క్రమసంఖ్య, చివరిసారి పరీక్షించిన తేదీ, ఎగరకముందూ దిగిన తరువాతా ఫలకం చిత్రం తీసిన వేళలు, అప్పటి ఆకాశ స్థితి. పటం అడుగున వీటిని తెలుగులో అచ్చువేయడానికి రెండు వరుసల జాగా చాలు.