శునకముల హృదయక్రిమి వ్యాధి: ఔషధచికిత్స

పురపాలక, స్థానిక అధికారుల ఉపయోగార్థము

1. వ్యాధి స్వరూపము. హృదయక్రిమి యనునది దోమకాటువలన కుక్కలకు సంక్రమించు ఫైలేరియా జాతి క్రిమి. దీని శాస్త్రనామము డైరోఫిలేరియా ఇమ్మిటిస్. దోమ కుట్టినపుడు శరీరమున జొచ్చిన పిల్లక్రిమి ఆఱేడు మాసములలో పెరిగి, గుండెయొక్క కుడిభాగమునందును, ఊపిరితిత్తులకు పోవు ధమనులయందును నివసించును. ఆడక్రిమి సుమారు 30 సెంటీమీటర్ల పొడవుండి, 5 మొదలు 7 సంవత్సరములవఱకు బ్రదుకును. దగ్గు, ఆయాసము, కృశించుట, తుదకు పొట్ట యుబ్బుట దీని లక్షణములు. మనదేశమున నీ క్రిమి ఈశాన్య రాష్ట్రములయందు హెచ్చు. దక్షిణమున హెచ్చుగా గానవచ్చునది చర్మముక్రింద నివసించు డైరోఫిలేరియా రెపెన్స్. రెండింటి సూక్ష్మక్రిములును రక్తమునందే తిరుగును గావున పరీక్షలేక నిర్ణయము చేయరాదు.

2. నివారణౌషధము. భీమవరమున 1895లో జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునుండి 1947లో డైఇథైల్‌కార్బమజీన్ వెలువడెను. బోదకాలు నివారణకై 2004 మొదలు మనదేశమున ప్రజలకు సామూహికముగా పంచబడినది ఈ మందే. హృదయక్రిమి సోకకుండుటకై కుక్కలకు దీనినే ప్రతిదినము చిరకాల మిచ్చుచుండిరి. 1987లో అమెరికాలో నెలకొకసారి యిచ్చు ఐవర్‌మెక్టిన్ అంగీకరింపబడిన పిమ్మట దాని వాడుక క్రమముగా తగ్గెను.

3. ముఖ్యమైన హెచ్చరిక. రక్తమున హృదయక్రిమి పిల్లలున్న కుక్కకు డైఇథైల్‌కార్బమజీన్ ఇచ్చినచో, స్వల్పకాలములోనే నాడి క్షీణించి, కుక్క నిలువలేక కూలిపోవచ్చును, మరణింపనువచ్చును. కావున బోదకాలు మాత్రలు కార్యాలయమున మిగిలియున్నను, వానిని వీధికుక్కలకు పెట్టుట యెంతమాత్రమును కూడదు.

4. పెరిగిన క్రిములకు చికిత్స. మొదట నాలుగు వారములు డాక్సీసైక్లిన్ ఇత్తురు. ఇది క్రిమిలోపల నివసించు వోల్బాకియా యను సూక్ష్మజీవులను నశింపజేసి క్రిమిని దుర్బలపఱచును. పిమ్మట మెలార్సోమిన్ అను పాషాణ సంబంధమైన మందును నడుము కండరములలో లోతుగా సూదితో నెక్కింతురు: మొదట నొకటి, నెల గడచినపిదప ఒకనాటి వ్యవధితో రెండు. చచ్చిన క్రిముల తునుకలు ఊపిరితిత్తుల రక్తనాళములలో అడ్డుపడును. కుక్క పరుగెత్తిన యెడల ఇదియే ప్రాణాపాయమగును. కనుక మొదటి సూదిమందునుండి చివరిదాని తరువాత ఆఱు మొదలు ఎనిమిది వారములవఱకు దానిని కట్టియుంచవలెను. అట్టి వసతిలేని చోట ఈ చికిత్స నారంభింపక, పశువైద్యాధికారి సలహా పొందవలెను.

5. అధికారుల కర్తవ్యము. మందు ఒక్కొక్క కుక్కను మాత్రమే కాపాడగలదు. దోమల నణచుట ఊరినంతటిని కాపాడును. మురుగుకాలువలు పాఱునట్లు చూచుటయు, నీళ్లతొట్లకు మూతలుంచుటయు కుక్కలకే గాక మనుష్యులకును మేలు.