బీపీ మిషన్‌లో వెలిగే గుండె గుర్తు

ఇంట్లో బీపీ చూసుకునేవారిలో ఎక్కువమంది పై అంకె, కింద అంకె చూసి మిషన్ కట్టేస్తారు. వాటి పక్కన అప్పుడప్పుడు కనిపించే చిన్న గుండె గుర్తును పట్టించుకునేవారు తక్కువ. కొందరైతే బ్యాటరీ అయిపోయిందనో, మిషన్ పాడైందనో అనుకుంటారు. మిషన్‌కు ఏమీ కాలేదు. నాడి లయ తప్పిందేమో చూసుకోమని అది చెబుతోంది.

చేతికి కట్టిన పట్టీలోంచి గాలి దిగుతున్నప్పుడు, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ గాలిలో చిన్న అదురు పుడుతుంది. మిషన్ బీపీని లెక్కగట్టేది దాని ఆధారంగానే. ఒక అదురుకూ మరో అదురుకూ మధ్య ఎంత వ్యవధి ఉందో కూడా కొన్ని మిషన్లు చూస్తాయి. ఆ వ్యవధి సగటు కంటే బాగా ఎక్కువ తక్కువలైతే గుర్తు వెలుగుతుంది. చాలా మిషన్లలో 25 శాతం తేడాను హద్దుగా పెడతారు. కొలిచేటప్పుడు మిణుకుమనే గుండె బొమ్మ వేరు, అది మామూలే. ఏ గుర్తుకు ఏమి అర్థమో మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

దీనికి ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, లయ తప్పడానికి ఒక కారణం ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఈ జబ్బులో గుండె పైగదులు సరిగా ముడుచుకోక వణుకుతుంటాయి. లోపల రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవారికి పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు. గుండె దడ, ఆయాసం అందరికీ ఉండవు; చాలామందికి పక్షవాతం వచ్చాకే సంగతి తెలుస్తుంది. ముందే తెలిస్తే, రక్తం గడ్డకట్టకుండా డాక్టరు ఇచ్చే మందులతో ఆ ముప్పు దాదాపు మూడింట రెండు వంతులు తగ్గుతుంది. ఆస్పిరిన్ దీనికి బదులు కాదు. సొంతంగా ఏ మందూ మొదలుపెట్టరాదు, ఆపరాదు.

బ్రిటన్‌లో వైద్య సూచనలు ఇచ్చే నైస్ సంస్థ 2013లోనే, ఈ జబ్బును పసిగట్టే ఒక బీపీ మిషన్‌ను ప్రాథమిక వైద్యంలో వాడమని సిఫారసు చేసింది. అయితే అన్ని మిషన్లూ అంత నిక్కచ్చి కావు. మాట్లాడినా, చెయ్యి కదిపినా, మధ్యలో ఒక అదనపు స్పందన వచ్చినా గుర్తు వెలగవచ్చు. అందుకే 5 నిమిషాలు కదలకుండా కూర్చుని, నిమిషం వ్యవధితో మూడుసార్లు చూడాలి. మళ్లీ మళ్లీ కనిపిస్తే, బాధ ఏమీ లేకపోయినా ఈసీజీ తీయించుకోవాలి. ఈ జబ్బు వచ్చిపోతూ ఉంటుంది కనుక, ఒక ఈసీజీలో దొరక్కపోతే డాక్టరు 24 గంటల హోల్టర్ పరీక్ష రాయవచ్చు. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం ఉంటే మాత్రం మిషన్‌తో కాలయాపన వద్దు, 108కి ఫోన్ చేయాలి.

పేద వృద్ధులకు బీపీ మిషన్లు ఇచ్చే దాతలకు మా మనవి ఒకటుంది. మోచేతిపైన కట్టే పట్టీ ఉన్నదీ, లయ తేడాను చూపేదీ కొనండి. దానితోపాటు ఒక ఈసీజీ ఖర్చు కూడా పక్కన పెట్టండి. గుర్తు చూసి, పరీక్షకు డబ్బులేక ఇంట్లో కూర్చునేవారికి ఆ మిషన్ వల్ల మిగిలేది భయమే.