వెస్లీ హౌస్: మూసివేత ముప్పు – మనుగడ స్వరూపం

కేంబ్రిడ్జిలోని వెస్లీ హౌస్ 1921లో స్థాపితమైన మెథడిస్టు దైవశాస్త్ర కళాశాల. సంఘ కాపరులకు శిక్షణనివ్వడం దాని ఆశయం. తొమ్మిది దశాబ్దాల తరువాత దాని ఉనికే ప్రశ్నార్థకమైంది. ఆ ముప్పు స్వభావాన్ని, కళాశాల నిలిచిన తీరును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బ్రిటన్‌లో మెథడిస్టు సభ్యుల సంఖ్య దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చింది. శిక్షణ పొందే అభ్యర్థులు కొద్దిమంది, కళాశాలలు అనేకం కావడంతో నిర్వహణ భారమైంది. ఆ సంవత్సరాలలోనే బ్రిస్టల్‌లోని వెస్లీ కళాశాల మూతపడింది. 2012లో మెథడిస్టు మహాసభ శిక్షణను బర్మింగ్‌హామ్‌లోని క్వీన్స్ ఫౌండేషన్, డెర్బీషైర్‌లోని క్లిఫ్ కళాశాల అనే రెండు కేంద్రాలకు పరిమితం చేయాలని తీర్మానించింది. సంఘం పంపే అభ్యర్థులపై ఆధారపడిన వెస్లీ హౌస్‌కు ఇది మూసివేతతో సమానమైన నిర్ణయం.

అయితే కళాశాల ఆస్తి దాని ధర్మకర్తల అధీనంలో ఉంది. వారు స్థలంలో కొంత భాగాన్ని పొరుగున ఉన్న జీసస్ కళాశాలకు విక్రయించి, మిగిలిన భాగంలో కొత్త భవనాలు నిర్మించారు. వివిధ దేశాల పరిశోధకులకు, అధ్యయన సెలవుపై వచ్చే సంఘ కాపరులకు దానిని నిలయంగా మలిచారు.

ఇక్కడ రెండు అంశాలు గమనార్హం. అభ్యర్థులను పంపే అధికారం, ఆస్తిపై అధికారం వేర్వేరు చేతులలో ఉండడం వల్లనే ఆ తీర్మానం కళాశాలకు అంతిమ తీర్పు కాలేదు. రెండవది, సంస్థ నిలిచినా, దాని స్థాపనకు కారణమైన బ్రిటిష్ సంఘ కాపరుల ప్రాథమిక శిక్షణ అక్కడ నిలవలేదు. కనుక ఇటువంటి సంస్థల చరిత్రను పరిశీలించే పరిశోధకులు భవనం మిగిలిందా అన్న ప్రశ్నతో ఆగక, అక్కడ ఏ పని ఆగిపోయిందో కూడా నమోదు చేయవలసి ఉంటుంది.