చిన్న గాలిసొరంగం ఏ ప్రశ్నకు జవాబిస్తుంది?

ఉత్తరాంధ్రలో రాజాం అంటే జనపనార మిల్లులు గుర్తొస్తాయి. 2022 ఏప్రిల్‌ దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండి, జిల్లాల పునర్విభజనతో విజయనగరంలో చేరిన ఈ పట్టణం గ్రంథి మల్లికార్జునరావు స్వస్థలం. 1978లో జనపనార మిల్లుతో మొదలైన ఆయన సంస్థ 2008లో శంషాబాద్‌ విమానాశ్రయాన్ని తెరిచింది. 2023లో శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయం పనీ దానిదే. ఆ సంస్థకు చెందిన ఫౌండేషన్‌ 1997లో రాజాంలో ఇంజనీరింగ్‌ కాలేజీ పెట్టింది. నార, విమానం, చదువు ఒకే ఊరి చరిత్రలో ఇలా కలిశాయి. ఇలాంటి ఊళ్లలోని చిన్న కాలేజీలు విమానశాస్త్రంలో ఏం పరిశోధించగలవు? చేసినదాని విలువ ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు అందరూ వాడే కొలత లెక్కింపు: ఎన్ని పేపర్లు వచ్చాయి, వాటిని ఇతరులు ఎన్నిసార్లు ప్రస్తావించారు, ఎన్ని పేటెంట్లు. 2016 నుంచి కేంద్రం ప్రకటిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్‌ ర్యాంకుల్లో ఇంజనీరింగ్‌ కాలేజీల పరిశోధనకు 30 శాతం మార్కులు. అధ్యాపకుల విషయంలో హెచ్‌-ఇండెక్స్‌ చూస్తారు. 2005లో హోర్హె హిర్ష్‌ అనే భౌతికశాస్త్రవేత్త చెప్పిన లెక్క అది. ఒకరి ఇండెక్స్‌ పది అంటే, కనీసం పదేసి సార్లు ఇతరులు ప్రస్తావించిన పేపర్లు వారికి పది ఉన్నాయన్నమాట.

పేటెంట్ల సంగతి తల్లిదండ్రులకు తప్పక తెలియాలి. మన చట్టం ప్రకారం పేటెంటు దరఖాస్తు పెట్టిన 18 నెలల తర్వాత దానంతట అదే పేటెంట్‌ ఆఫీసు జర్నల్లో అచ్చవుతుంది. ముందుగా వేయమని అడిగితే ఇంకా త్వరగానే వస్తుంది. అప్పటికి ఆ ఆవిష్కరణ కొత్తదో కాదో ఎవరూ పరీక్షించి ఉండనక్కర లేదు. పరీక్ష తర్వాత జరుగుతుంది, అది నెగ్గితేనే మంజూరు. 2021లో విద్యాసంస్థలకు పేటెంటు ఫీజులు 80 శాతం తగ్గాయి. అది మంచి నిర్ణయమే. దరఖాస్తు పెట్టడం సులువైంది కూడా. అందుకే కాలేజీ బ్రోషరులో ‘ప్రచురితమైన పేటెంట్లు’ అని కనబడితే, మంజూరైనవి ఎన్నని అడగాలి.

లెక్కింపుతో ఇంకో నష్టం ఉంది. రోజంతా క్లాసులు చెప్పే పదిమంది అధ్యాపకుల విభాగం, వందల మంది పరిశోధక విద్యార్థులున్న ఐఐటీతో సంఖ్యల్లో పోటీ పడలేదు. పడాలని చూస్తే, త్వరగా పేపరు అయ్యే అంశాల వెంట వెళుతుంది. తన చేతిలో ఉన్న పరికరం ఏ పనికి సరిగ్గా సరిపోతుందో ఆలోచించే తీరిక పోతుంది. నా దృష్టిలో అసలు విషయం అక్కడే ఉంది.

విమానశాస్త్రం చెప్పే కాలేజీలో ఉండే ముఖ్యమైన పరికరం గాలిసొరంగం, విద్యార్థుల మాటలో విండ్‌ టన్నెల్‌. ఒక చివర పెద్ద ఫ్యాను గాలిని లాగుతుంది, మధ్యలో ఇరుకైన గదిలో రెక్క నమూనా నిలబెడతారు. గాలి రెక్కను ఎంత పైకి ఎత్తుతోంది, ఎంత వెనక్కి నెడుతోంది కొలుస్తారు. చిన్న కాలేజీల్లో ఆ గది కొలత అడుగో, అడుగున్నరో. గాలి వేగం సెకనుకు 30 మీటర్ల దగ్గర ఉంటుంది. ఇంత చిన్న పెట్టెలో విమానం గురించి ఏం తెలుస్తుందని అనిపించడం సహజం. అయితే రైట్‌ సోదరులు 1901లో డేటన్‌లో సైకిళ్ల దుకాణంలో కట్టుకున్న సొరంగం పొడవు ఆరడుగులు, గది 16 అంగుళాల చదరం. అందులో దాదాపు 200 రెక్క ఆకారాలు పరీక్షించారు. అప్పటిదాకా అందరూ నమ్మిన లెక్కల్లో తప్పు ఉందని వాళ్లకు ఆ పెట్టె తేల్చి చెప్పింది. రెండేళ్లకు విమానం ఎగిరింది.

నమూనా మీద కొలిచింది అసలు రెక్కకు ఎప్పుడు వర్తిస్తుందో చెప్పే సూత్రం ఒకటి ఉంది. 1883లో మాంచెస్టర్‌లో ఆస్బోర్న్‌ రెనాల్డ్స్‌ గాజు గొట్టంలో పారే నీటిలోకి రంగు వదిలి చూశాడు. వేగం తక్కువైతే రంగు సన్నని దారంలా సాగింది, ఒక హద్దు దాటాక చెదిరి కలిసిపోయింది. ఆ హద్దును నిర్ణయించేది వేగం ఒక్కటే కాదు. వేగాన్ని పొడవుతో గుణించి, ద్రవం జిగట గుణంతో భాగిస్తే వచ్చే అంకె అది. దానికే రెనాల్డ్స్‌ సంఖ్య అని పేరు. ఆకారం మారకుండా రెండు చోట్ల ఆ సంఖ్య ఒకటే అయితే, పరిమాణాలు వేరైనా గాలి ఒకేలా ప్రవర్తిస్తుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. నాలుగు మీటర్ల వెడల్పు రెక్కతో, సెకనుకు 230 మీటర్ల వేగంతో, 11 కిలోమీటర్ల ఎత్తున పోయే ప్రయాణికుల విమానానికి రెనాల్డ్స్‌ సంఖ్య రెండు కోట్లు దాటుతుంది. చిన్న సొరంగంలో పది సెంటీమీటర్ల రెక్క మీద అది రెండు లక్షలు. వంద రెట్ల తేడా. అందులో కొలిచిన అంకెలను పెద్ద విమానానికి అన్వయించడం కుదరదు. అదే 20 సెంటీమీటర్ల రెక్కతో సెకనుకు 15 మీటర్ల వేగంతో ఎగిరే డ్రోన్‌ సంగతి చూడండి. దాని సంఖ్యా రెండు లక్షలే. పెద్ద విమానానికి పనికిరాని పెట్టె డ్రోన్‌ రెక్కకు అతికినట్టు సరిపోతుంది.

ఈ సంఖ్య దగ్గరే గాలి మహా చిత్రంగా ఉంటుంది. రెక్క పైభాగాన్ని తాకుతూ నెమ్మదిగా జారే పలుచని గాలి పొర, పీడనం పెరిగే చోట రెక్కను వదిలి లేస్తుంది. కాసేపటికి అల్లకల్లోలమై మళ్లీ వచ్చి అతుక్కుంటుంది. మధ్యలో గాలి బుడగ చిక్కుకుంటుంది. ఆ బుడగ ఉంటే వెనక్కి లాగే బలం పెరిగి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. రెక్క ముందు భాగంలో సరైన చోట సన్నని వంకర టేపు అతికిస్తే పొర ముందే అల్లకల్లోలమవుతుంది, బుడగ తగ్గుతుంది. ఏ రెక్కకు టేపు ఎక్కడ అన్నది మాత్రం కొలిచే తెలుసుకోవాలి. కొలతలో జాగ్రత్తలూ ఉన్నాయి. సొరంగంలోని గాలికే కుదుపు ఎక్కువుంటే బుడగ కనపడకుండా పోయి లెక్క మోసం చేస్తుంది. అందుకే ముందు తేనెపట్టు జాలీలు, వలలు పెట్టి గాలిని సర్దాలి. సర్దాక మిగిలిన కుదుపు ఎంతో కూడా పేపర్లో రాయాలి.

అమెరికాలో ఇలినాయ్‌ విశ్వవిద్యాలయంలో మైకేల్‌ సెలిగ్‌ బృందం 1990ల నుంచి ఈ పనే చేసింది. రెనాల్డ్స్‌ సంఖ్య సుమారు 60 వేల నుంచి 5 లక్షల దాకా పదుల కొద్దీ చిన్న రెక్కలను కొలిచింది. ఎన్నో నమూనాలను బొమ్మ విమానాలు కట్టే అభిరుచి గల వాళ్లే చేసి పంపారు, విరాళాలూ ఇచ్చారు. 1995లో మొదటి సంపుటం వచ్చింది. ఆ పట్టికలను ప్రపంచమంతటా చిన్న విమానాలు రూపొందించేవాళ్లు ఇప్పటికీ తెరిచి చూస్తారు. పరిశోధన ఫలితం అంటే ఇదీ అని నేను చూపించేది ఆ పట్టికలనే.

ఇలాంటి కొలతలతో మన తీరానికి అవసరం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుఫాను విశాఖను తాకింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. నష్టం అంచనాకు ఎక్కువ విస్తీర్ణం ఒక్క ఎగురుడులో చూడాలంటే, నాలుగు ఫ్యాన్ల డ్రోన్‌ కంటే రెక్కలున్నదే మేలు. అది ఎంతసేపు గాలిలో ఉండగలదో నిర్ణయించేది ఆ చిన్న రెక్క మీది గాలే.

ఇక నార. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నార కోసం వేసే గోగు పంట పాతది. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రం గోగులో కొత్త రకాలు విడుదల చేసింది. నారతో విమానం అనేది కొత్త ఊహేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే ఇంగ్లండ్‌లో నార్మన్‌ డి బ్రూయిన్‌ అవిసె నారను రెసిన్‌లో తడిపి గోర్డన్‌ ఏరోలైట్‌ అనే పదార్థం చేశాడు. యుద్ధంలో అల్యూమినియం కొరత వస్తుందన్న భయంతో, దానితో స్పిట్‌ఫైర్‌ యుద్ధ విమానానికి ప్రయోగాత్మకంగా శరీరం కట్టారు.

గోగు లాంటి నార బరువు, అంతే పరిమాణం గాజునారలో సగం దరిదాపుల్లో ఉంటుంది. బలం మాత్రం నాలుగో వంతో, ఇంకా తక్కువో. అయినా పలకగా వాడితే నారకు ఒక మేలు ఉంది. అంతే బరువులో మందంగా చేయొచ్చు, మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లు పెరుగుతుంది. చిక్కు తేమతో. నారలోని సెల్యులోజు నీటిని పీల్చి ఉబ్బుతుంది, రెసిన్‌ పట్టు వదులుతుంది. సుమారు ఐదు శాతం కాస్టిక్‌ సోడా నీటిలో నానబెట్టి కడిగితే నార మీది మైనం, జిగురు పోయి పట్టు పెరుగుతుంది. ఎక్కువసేపు ఉంచితే నారే బలహీనమవుతుంది. ప్రయాణికుల విమానం లోపలి పలకలకైతే మంట పరీక్ష కఠినం. నిలువుగా వేలాడదీసి 60 సెకన్లు మంట పెడతారు. తీసేశాక 15 సెకన్లలో ఆరాలి, కాలిన పొడవు ఆరు అంగుళాలు దాటకూడదు. మనుషులు ఎక్కని డ్రోన్‌ శరీరానికి ఆ పరీక్ష లేదు. ఇక్కడా చిన్న కాలేజీకి దారి డ్రోన్‌ వైపే.

నార మీద పేపర్లు చాలా వస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఐదు ముక్కలు తెంపి సగటు రాస్తాయి. పరీక్షా ప్రమాణం అడిగే కనీసం అంతే. ఫ్యాక్టరీలో తీసిన గాజునారకు అది సరిపోవచ్చు. గోగునార చెట్టును బట్టీ, నార తీయడానికి కట్టలు ఊరిన చెరువును బట్టీ, ఊరిన రోజులను బట్టీ మారుతుంది. అక్కడ సగటు కంటే చెదురుబాటు ముఖ్యం. స్వీడన్‌ ఇంజనీరు వైబుల్‌ 1939లో చూపించినట్టు, పదార్థం తెగేది దానిలో అన్నిటికంటే బలహీనమైన చోట. ఆ చెదురుబాటు తెలియాలంటే వందల ముక్కలు తెంపాలి. పెద్ద ప్రయోగశాలలో అంత ఓపికైన పనికి మనుషులు దొరకరు. చిన్న కాలేజీలో ప్రతి ఏటా చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం పదుల మంది విద్యార్థులు ఉంటారు, తెంపే యంత్రమూ ఉంటుంది. ప్రతి బ్యాచీ కొత్త అంశంతో మొదటి నుంచి మొదలుపెట్టకుండా, ముందు బ్యాచి వదిలిన పట్టికలోనే తర్వాతి వరుస రాస్తే చాలు. ఏ రకం గోగు, ఏ చెరువు, ఎన్ని రోజులు ఊరింది, ఎంత తేమ, ఎంత బలానికి తెగింది. తొందరగా తెగిన ముక్కలనూ తీసేయకుండా రాయాలి, ఎందుకంటే రెక్క విరిగేది అక్కడే.