బొప్పాయి నారుకు తొలి ఏడాదే గండం
గింజ మొలవడం సులువే. చలి, నీరు, వైరస్‌ల నుంచి కాపాడటమే కష్టం

గ్రేటర్ నోయిడా: తోపుడుబండిపై కొన్న బొప్పాయి పండు గింజలను పెరటి మట్టిలో విసిరితే చాలు, వానాకాలంలో గుంపులుగా మొలకెత్తుతాయి. దీపావళి నాటికి నడుమెత్తు పెరిగి ఇంటివారిలో ఆశలు రేపుతాయి. జనవరిలో మంచు గడ్డకట్టే రాత్రి ఒక్కటి వస్తే, తెల్లవారేసరికి ఆకులు ఉడికినట్లు వాలిపోతాయి. వారం తిరగకుండానే కాండం మెత్తబడి మొక్క కూలిపోతుంది. యమున, హిందన్ నదుల నడుమ మైదానంలో 1991లో నిర్మాణానికి శ్రీకారం చుట్టుకున్న ఈ నగరంలో, ఆల్ఫా, బీటా, గామా వంటి గ్రీకు అక్షరాల పేర్లు గల సెక్టార్లలో, జానెడు పెరడు ఉన్న కుటుంబాలకు ఇది అనుభవైకవేద్యమే.

ఈ నష్టం పెరటికే పరిమితమైనది కాదు. ఏటా సుమారు 50 లక్షల టన్నుల బొప్పాయి పండిస్తూ ప్రపంచంలో అగ్రస్థానాన నిలిచిన భారతదేశంలో, రాజధాని పరిసరాల ప్రజలు తినే పండులో గణనీయమైన భాగం దూరప్రాంతాల నుంచి రావలసిందే. రాయలసీమలోని కడప, అనంతపురం జిల్లాల తోటల నుంచి, రైల్వే కోడూరు ప్రాంతం నుంచి బయలుదేరే లారీలు సుమారు రెండు వేల కిలోమీటర్లు ప్రయాణించి ఢిల్లీ మార్కెట్లకు చేరుతున్నాయి. పచ్చిగా ఉండగానే కోసి, కాగితాల్లో చుట్టి పంపే ఈ పండు దారిలో ఎంత నలిగితే రైతు చేతికి వచ్చే ధర అంత తరుగుతుంది. ఉత్తరాదిన చలి ఎందుకు అడ్డమో, దక్షిణాదిన పంటను ఏది దెబ్బ తీస్తున్నదో తెలియాలంటే గింజ దగ్గర మొదలుపెట్టవలసి ఉంటుంది.

బొప్పాయి గింజను చుట్టి జిగురు వంటి పలుచని పొర ఉంటుంది. మొలకెత్తడాన్ని అడ్డుకునే పదార్థాలు అందులోనే ఉన్నాయి. పండు నుంచి తీసిన గింజలను బూడిదతోనో ఇసుకతోనో రుద్ది, ఆ పొర పూర్తిగా పోయేలా కడిగి, నీడన ఆరబెట్టాలి. నిల్వ ఉన్నకొద్దీ మొలక శాతం పడిపోతుంది కనుక తాజా గింజకే ప్రాధాన్యం. మట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపిన చిన్న పాలిథిన్ సంచుల్లో సెంటీమీటరు లోతున నాటితే రెండు మూడు వారాల్లో మొలక కనిపిస్తుంది. వేళ్లు కదిలితే ఓర్చుకోలేని మొక్క ఇది. అందుకే మడిలో పోసి పీకి నాటే పద్ధతి కంటే సంచుల పద్ధతే మేలు.

అయితే ఏ గింజ అన్నది మరో చిక్కు. పాత రకాల్లో మగ, ఆడ చెట్లు వేర్వేరు. పూత వచ్చేవరకు ఏది ఏదో చెప్పడం సాధ్యం కాదు. కాబట్టి గుంతకు రెండు మూడు మొక్కలు నాటి, పూత చూశాక పది ఆడ చెట్లకు ఒక మగ చెట్టు చొప్పున ఉంచి, మిగిలిన మగ చెట్లను తీసివేయవలసి వస్తుంది. తైవాన్ నుంచి వచ్చిన రెడ్ లేడీ 786 సంకర రకంలో ఈ బెడద లేదు. ఆడ చెట్లు, ద్విలింగ చెట్లు మాత్రమే వస్తాయి, రెండూ కాస్తాయి. తెలుగు జిల్లాల రైతులు దానివైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు. కాని దాని విత్తనం బంగారం తూచినట్లు గ్రాముల్లో అమ్ముతారు. సంకర రకం పండు నుంచి తీసిన గింజలో తల్లి గుణం నిలకడగా రాదు. హెక్టారుకు దాదాపు మూడు వేల మొక్కలు కావలసిన రైతు ప్రతి తోటకూ కొత్తగా కొనక తప్పదు.

పెరటివారికి పనికివచ్చే రకం ఒకటి మన దేశంలోనే ఉంది. 1934 బీహారు భూకంపంలో పూసా గ్రామంలోని వ్యవసాయ పరిశోధన సంస్థ దెబ్బతినగా, 1936లో దానిని ఢిల్లీకి తరలించారు. పేరు కూడా వెంట వచ్చింది. బీహారులో మిగిలిన ప్రాంతీయ కేంద్రం నుంచి పూసా డెలీషియస్, పూసా మెజెస్టీ, పూసా జెయింట్, పూసా డ్వార్ఫ్‌లతో పాటు పూసా నన్హా వెలువడింది. గామా కిరణాల ప్రయోగంతో రూపొందిన ఈ మరుగుజ్జు రకం నేల నుంచి అడుగు ఎత్తులోనే కాపు మొదలుపెడుతుంది. కుండీలోనూ పెంచవచ్చు. మగ, ఆడ చెట్లు వేర్వేరుగా వచ్చే రకం కావడంతో ఒక్క మొక్కతో సరిపెట్టుకోవాలనుకునేవారు మాత్రం భంగపడే ప్రమాదం ఉంది.

మొలిచిన నారుకు తొలి శత్రువు నీరే. తడి ఎక్కువైన సంచిలో శిలీంద్రం చేరి, మొలక మొదలు దగ్గర నల్లబడి విరిగిపడుతుంది. దీన్నే నారుకుళ్లు అంటారు. పొలంలో నాటాక కూడా ఈ భయం తొలగిపోదు. ఒకటి రెండు రోజులు నీరు నిలిస్తే చాలు, వేళ్లకు ఊపిరాడక చెట్టు చచ్చిపోతుంది. కాండం చుట్టూ మట్టి ఎగదోసి, దానికి వెలుపల పాదు చేసి, నీరు మొదలును తాకకుండా పెట్టడం అనుభవజ్ఞులైన రైతులు పాటించే పద్ధతి. ఇళ్ల నిర్మాణపు శిథిలాలతో గట్టిపడిన కొత్త కాలనీల నేలల్లో ఎత్తు బోదెలపై నాటడం తప్పనిసరి.

రెండవ శత్రువు ఉత్తరాది చలి. ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు పడితే బొప్పాయి పెరుగుదల నిలిచిపోతుంది. గ్రేటర్ నోయిడాలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో అది నాలుగైదు డిగ్రీలకు దిగజారడం మామూలే. ఇక్కడి రైతులు లేత మొక్క చుట్టూ గడ్డితో చిన్న గుడిసె వంటిది కట్టి, ఎండ పడేలా ఆగ్నేయ దిశను తెరిచి ఉంచుతారు. మంచు కురిసే సూచన ఉన్న సాయంత్రం తేలికగా తడి పెడతారు. తడి నేల పగటి వేడిని ఎక్కువసేపు నిలుపుకుంటుంది.

దక్షిణాదిన చలి బెడద అంతగా లేదు. అక్కడ తోటలను కబళిస్తున్నది రింగ్ స్పాట్ వైరస్. ఇది గింజ ద్వారా రాదు, పేనుబంక మోసుకొస్తుంది. ఆ పురుగు చెట్టుపై కాపురముండదు. వాలి, రుచి చూసి, క్షణాల్లో తెగులు అంటించి పోతుంది. కనుక మందు కొట్టి దాన్ని చంపేలోగానే జరగవలసిన నష్టం జరిగిపోతుంది. ఆకులు పసుపుపచ్చగా మారి తాళ్లలా సన్నబడతాయి. కాయలపై వలయాలు తేలుతాయి. లేతప్రాయంలో సోకితే కాపే ఉండదు. నారును పురుగు చొరబడని సన్న వలల కింద పెంచడం, తోట చుట్టూ రెండు మూడు వరుసలు మొక్కజొన్న గాని జొన్న గాని వేయడం, దరిదాపుల్లో గుమ్మడి, దోస జాతి పంటలు లేకుండా చూడటం, సోకిన మొక్కను వెంటనే పీకి పాతిపెట్టడం... రైతు చేతిలో ఉన్నవి ఇవే. హవాయి దీవుల్లోని పూనా ప్రాంతానికి 1992లో ఈ వైరస్ చేరగా, అక్కడివారు జన్యుమార్పిడి చేసిన రెయిన్‌బో రకాన్ని 1998లో సాగులోకి తెచ్చి తోటలను నిలబెట్టుకున్నారు. భారతదేశంలో అటువంటి బొప్పాయి సాగుకు అనుమతి లేదు. నారుమడి వలకు పెట్టే ఖర్చును రైతులు పలువురు అదనపు భారంగా భావిస్తున్నారు గాని, ఆ విత్తనం ధరతో పోలిస్తే అది భారమనిపించుకోదు.

రాజధాని పరిసరాల్లో బొప్పాయి పెంచదలచినవారు వానాకాలపు మొలకలపై ఆశ వదులుకుని, జనవరి చివర పాలిథిన్ కప్పు కింద గింజ నాటి, మార్చిలో గుంతల్లోకి మార్చడం మంచిది. మే, జూన్ వడగాడ్పులకు కొంత నీడ, వర్షాలకు ఎత్తు పాదు అందితే, చలి వచ్చేనాటికి కాండం ముదిరి తట్టుకునే శక్తి చేకూరుతుంది. అప్పటికే పట్టిన కాయలు శీతాకాలమంతా పండకుండా చెట్టునే వేలాడి, మళ్లీ ఎండలు ముదిరాక మార్చి, ఏప్రిల్‌లలో రంగు తిరుగుతాయి.